మూత తీసి చూద్దాం: పైథాన్ ప్రామాణిక లైబ్రరీ లోపలి పనితీరు

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సర విద్యార్థి: గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్ సైన్సు)

కంప్యూటర్‌కి పని చెప్పడానికి ఒక భాష కావాలన్న సంగతి మనందరికీ తెలిసిందే. అయితే ఏ భాషకైనా వ్యాకరణం ఒక్కటే చాలదు. ఫైలు తెరవడం, పేర్లను వరుసలో పెట్టడం, వర్గమూలం కట్టడం, తేదీ లెక్క చూడడం మొదలైన పనులు ప్రతి ప్రోగ్రాములోనూ వస్తాయి. వీటిని ఎవరికి వారు మొదటినుంచీ రాసుకుంటూ కూర్చుంటే జీవితకాలం చాలదు. అందుకని అనుభవజ్ఞులు ముందే రాసి, పరీక్షించి, భాషతోపాటు ఇచ్చిన ప్రమేయాల భాండాగారమే ప్రామాణిక లైబ్రరీ. గైడో వాన్ రోసమ్ 1991లో వెలువరించిన పైథాన్ భాష ఈ విషయంలో పేరెన్నిక గన్నది. "బ్యాటరీలతో సహా వచ్చే బొమ్మ" అని దాన్ని వాడేవాళ్ళు ముచ్చటగా చెప్పుకుంటారు.

మనం పరీక్షలకు ఈ ప్రమేయాల పేర్లు కంఠస్థం చేస్తాం. ఏది ఇస్తే ఏది వస్తుందో రికార్డులో రాస్తాం. అది లోపల ఏం చేస్తుందో మాత్రం అడగం. బోరు మోటారు స్విచ్చి వేయడం తెలిసినవాడికీ, మోటారు విప్పి వైండింగు చూడగలిగినవాడికీ ఎంత తేడా వుందో పల్లెటూరివాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. పైరు ఎండుతున్న రోజున వూరంతా వెతికేది ఆ రెండో మనిషినే. ఈ వ్యాసంలో రెండో పని కొంచెం చేసి చూద్దాం. ఉదాహరణ కోసం మన నగరంలోనే జరిగే ఒక పనిని తీసుకుందాం.

ఫిలింనగర్‌లో పైథాన్ పని

జూబ్లీహిల్స్, ఫిలింనగర్ అనగానే మనకు తారల ఇళ్ళు, రామానాయుడు స్టూడియో గుర్తుకొస్తాయి. ఆ పక్కనే బంజారాహిల్స్‌లో 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలిసింది. అయితే నేడు తెలుగు సినిమాలో ఒక పెద్ద భాగం కెమెరా ముందు గాక కంప్యూటర్లలో తయారవుతోంది. 2012లో వచ్చిన "ఈగ" చిత్రంలో కథానాయకుడైన ఈగ కంప్యూటర్ సృష్టే. ఆ చిత్రానికీ, తర్వాత "బాహుబలి" రెండు భాగాలకూ ప్రత్యేక దృశ్య ప్రభావాలకు జాతీయ బహుమతులు వచ్చాయి. ఈ పనిలో వాడే మాయా అనే సాఫ్ట్‌వేర్‌లో 2007 నుంచీ పైథాన్ వుంది. నూక్, హుడిని, బ్లెండర్ వంటి వాటిలోనూ వుంది. దృశ్య ప్రభావాల రంగం అంతా కలిసి పాటించే ప్రమాణ పట్టిక 2020 నుంచి పైథాన్ మూడవ తరాన్నే నిర్దేశిస్తోంది. కాబట్టి ఇప్పుడు మనం చూడబోయే లైబ్రరీ రోజూ అక్కడ పనిచేస్తున్నదే.

సినిమా అంటే సెకనుకు 24 నిశ్చల చిత్రాలు. వీటినే ఫ్రేములంటారు. రెండున్నర గంటల సినిమాకు 24ని 60తోనూ, దాన్ని 150తోనూ గుణిస్తే 2,16,000 ఫ్రేములు తేలతాయి. కంప్యూటర్ దృశ్యాల్లో సాధారణంగా ఒక్కో ఫ్రేమూ ఒక్కో ఫైలు. ఇట్లా ఫ్రేములు గీసే కంప్యూటర్ల గుంపును ఆ రంగంవాళ్ళు "రెండర్ ఫార్మ్" అంటారు. రైతుబిడ్డలకు ఆ పేరు నచ్చక మానదు! అయితే అక్కడ పంట వరుసగా చేతికి రాదు. ఒక యంత్రం 7వ ఫ్రేము ముగించేలోగా ఇంకొకటి 40వది ముగించి వుండవచ్చు. చివరికి అన్నీ ఒక ఫోల్డర్‌లో చేరతాయి. వాటిని వరుసలో పెట్టి ఆడించాలి. చెప్పడానికి ఒక్క మాట పని. ఈ ఒక్క మాటలో లైబ్రరీకి చెందిన మూడు మూతలు తీయవచ్చు.

మొదటి మూత: జాబితా తెచ్చే ప్రమేయం

ఫోల్డర్‌లో ఏయే ఫైళ్ళున్నాయో చెప్పడానికి పైథాన్‌లో "లిస్ట్‌డిర్" అనే ప్రమేయం వుంది. ఒక నమూనాకు సరిపడే పేర్లను ఏరి ఇవ్వడానికి "గ్లోబ్" వుంది. గ్లోబ్ లోపల చూస్తే అది కూడా చివరికి ఆపరేటింగ్ సిస్టమ్‌నే అడుగుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కుమీద ఫైల్‌సిస్టమ్ ఏ క్రమంలో చెబితే ఆ క్రమంలోనే పేర్లు అందిస్తుంది. మధ్యలో ఎవరూ వాటిని సర్దరు.

ఇక ఫైల్‌సిస్టమ్ సంగతి. విండోస్‌లోని ఎన్‌టిఎఫ్‌ఎస్ పేర్లను అక్షరక్రమంలోనే పెట్టుకుంటుంది. లినక్స్‌లోని ఎక్స్‌ట్-4 ప్రతి పేరునుంచీ ఒక గుర్తు సంఖ్య కట్టి, ఆ సంఖ్యల క్రమంలో ఇస్తుంది. మన కంటికి అది చిందరవందరగా కనిపిస్తుంది. అంచేత ఒకే ప్రోగ్రాము ఒక కంప్యూటర్‌లో చక్కగా నడిచి, ఇంకో కంప్యూటర్‌లో తారుమారు కావచ్చు. లైబ్రరీ అబద్ధమాడలేదు. "క్రమానికి హామీ లేదు" అని దాని వివరణ పత్రంలో స్పష్టంగానే వుంది. చదవనివాడికే నష్టం.

ఇది సినిమాకు మాత్రమే సంబంధించిన ముచ్చట కాదు. 2014లో రసాయన శాస్త్రజ్ఞులు కొందరు అణు నిర్మాణాలను లెక్కగట్టే విధానం ఒకటి ప్రచురిస్తూ, దానితోపాటు పైథాన్ ప్రోగ్రాములు కూడా ఇచ్చారు. అనేకమంది వాటిని వాడుకున్నారు. 2019లో హవాయి విశ్వవిద్యాలయంలోని పరిశోధకులు అదే ప్రోగ్రాముకు అదే సమాచారం ఇచ్చి వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లపై నడిపితే వేర్వేరు జవాబులు వచ్చాయి. కారణం వెతికితే తేలింది ఇదే: ఫైళ్ళు ఒక వరుసలో వస్తాయని ఆ ప్రోగ్రాము నమ్మింది, గ్లోబ్ ఆ వరుసకు ఎన్నడూ మాట ఇవ్వలేదు. వరుసలో పెట్టమనే ఆజ్ఞ చేర్చగానే తేడా పోయింది. ఐదేళ్ళపాటు శాస్త్రజ్ఞుల కంటికి దొరకని తప్పు అంత చిన్నచోట దాగి వుందన్నమాట! రేపు ప్రయోగశాలల్లోకి వెళ్ళబోయే మనం ఈ కథను మరువరాదు.

రెండవ మూత: వరుసలో పెట్టే ప్రమేయం

సరే, "సార్ట్" అని ఆజ్ఞ ఇద్దాం. 24 ఫ్రేములకు షాట్.1, షాట్.2 అని పేర్లు పెట్టామనుకోండి. వచ్చే వరుస ఇట్లా వుంటుంది: 1, 10, 11, 12, ఇట్లా 19 దాకా, తర్వాత 2, ఆపైన 20, 21, 22, 23, 24, ఆ తర్వాత 3, 4, 5. ఈ వరుసలో ఆడిస్తే తెరమీద ఈగ ముందుకు ఎగిరి, వెనక్కు దూకి, మళ్ళీ ముందుకు గెంతుతుంది.

ఎందుకిట్లా? పేరు అనేది అక్షరాల మాల. సార్ట్ రెండు మాలలను ఎడమనుంచి ఒక్కో అక్షరంగా పోలుస్తుంది. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య వుంది. "1"కి 49, "2"కి 50. కనుక "10"లోని మొదటి అక్షరం "2"కన్నా చిన్నది. తీర్పు అక్కడితో అయిపోతుంది, తర్వాతి సున్నాను చూడవలసిన పనే లేదు. దీనికి రెండు మందులున్నాయి. ఒకటి, అంకెలకు ముందు సున్నాలు చేర్చి 0001, 0002 అని పేర్లు పెట్టడం. దృశ్య ప్రభావాల రంగంలో ఫ్రేములకు ఇట్లా సున్నాలు చేర్చే ఆనవాయితీ వెనుక వున్న కారణం ఇదే. రెండవది, పోల్చేటప్పుడు పేరును గాక అందులోని అంకె విలువను చూడమని సార్ట్‌కి "కీ" ఇవ్వడం.

ఇంతకూ సార్ట్ లోపల ఏ పద్ధతి వుంది? మన పాఠ్యపుస్తకాల్లో బబుల్, ఇన్‌సర్షన్, మెర్జ్, క్విక్ అనే పద్ధతులు చదువుతాం. పైథాన్‌లో వున్నది ఇవేవీ నేరుగా కావు. టిమ్ పీటర్స్ 2002లో దానికోసం రాసిన పద్ధతి అది. ఆయన పేరుమీదే "టిమ్‌సార్ట్" అంటారు. దాని మూలసూత్రం రైతుకు సులభంగా బోధపడుతుంది. లోకంలో సరుకు పూర్తిగా చెల్లాచెదురుగా వుండడం అరుదు, ఎంతోకొంత ముందే సర్ది వుంటుంది. ఆ సర్దుబాటును పాడుచేయకుండా వాడుకోవాలి. కోతలో ఒక్కో మడి పనలు మోపుగా కట్టి వుంటే, కల్లంలో మోపులు విప్పి గడ్డి పరకల లెక్కన ఎవరూ మళ్ళీ ఏరరు గదా!

ఉదాహరణకు ఫ్రేములు ఈ వరుసలో వచ్చాయనుకోండి:

4, 5, 6, 7, 3, 2, 1, 8, 9, 10, 11, 12

మొదటి నాలుగూ పెరుగుతున్నాయి. అదొక మోపు. తర్వాత 3, 2, 1 తగ్గుతున్నాయి. దీన్ని తిరగేస్తే 1, 2, 3 అనే రెండవ మోపు. మిగిలినవి మూడవ మోపు. ఇక మోపులను రెండేసి చొప్పున కలుపుకుంటూ పోవడమే. (ఇక్కడ అర్థం కావడానికి చిన్న జాబితా తీసుకున్నాం. నిజానికి 64 కన్నా తక్కువ వస్తువులుంటే మొదటి మోపు పట్టుకుని, మిగతావాటిని ఒక్కొక్కటిగా తగిన చోట దూరుస్తుంది. పెద్ద జాబితాల్లో మోపు మరీ చిన్నదైతే దాన్ని 32 నుంచి 64 దాకా ఇట్లాగే పెంచుకుంటుంది.)

కలిపేటప్పుడు ఇంకో తెలివి వుంది. రెండు మోపుల మొదళ్ళను పోల్చి చిన్నదాన్ని తీస్తూ పోతుంది. అయితే ఒకే మోపు వరసగా 7 సార్లు గెలిచిందంటే, ఇక ఒక్కొక్కటే పోల్చడం మాని, 1, 3, 7, 15 చొప్పున దూకుళ్ళు వేస్తూ ఎంతదాకా ఒకేసారి తీసుకోవచ్చో చూస్తుంది. దీనికి గుర్రపు దౌడు అని పేరు.

లాభం ఎంతో లెక్క వేద్దాం. 2,16,000 ఫ్రేములు చెల్లాచెదురుగా వుంటే మామూలు ఇన్‌సర్షన్ పద్ధతికి సగటున సుమారు 1,166 కోట్ల పోలికలు కావాలి. మంచి మెర్జ్ తరహా పద్ధతికి సుమారు 35 లక్షలు చాలు. అవే ఫ్రేములు ముందే వరుసలో వుంటే టిమ్‌సార్ట్ చేసేది 2,15,999 పోలికలు మాత్రమే! ఒక్కసారి చూసి "ఇదంతా ఒకే మోపు" అని గ్రహించి వూరుకుంటుంది.

దీనికున్న మరో సుగుణం స్థిరత్వం. అనగా పోలికలో సమానంగా నిలిచినవాటి పాత క్రమం చెడదు. మల్లీశ్వరి (1951), మాయాబజార్ (1957), పాతాళ భైరవి (1951), తోడికోడళ్ళు (1957) అనే నాలుగు చిత్రాలను ముందు పేర్ల క్రమంలో పెడదాం. తోడికోడళ్ళు, పాతాళ భైరవి, మల్లీశ్వరి, మాయాబజార్ అని వస్తాయి. ఇప్పుడు సంవత్సరాన్ని బట్టి మళ్ళీ సార్ట్ చేస్తే 1951 కింద పాతాళ భైరవి, మల్లీశ్వరి, 1957 కింద తోడికోడళ్ళు, మాయాబజార్ వస్తాయి. ఒకే ఏటి చిత్రాల్లో పేర్ల క్రమం అట్లాగే నిలిచింది. ఇది పైథాన్ ఇచ్చిన హామీ. సి భాషలోని "క్యూసార్ట్"కి ఈ హామీ లేదు. పేరులో "క్యూ" వున్నా, లోపల క్విక్‌సార్టే వుండాలని కూడా సి ప్రమాణం ఎక్కడా చెప్పదు. పేరు వేరు, హామీ వేరు, లోపలి పద్ధతి వేరు. ఈ మూడింటినీ విడదీసి చూడడమే లైబ్రరీ విద్యలో మొదటి పాఠం.

మూడవ మూత: తెలుగు అక్షరాల లెక్క

ఫ్రేములయ్యాయి, ఇక టైటిళ్ళు. "మాయాబజార్"లో అక్షరాలెన్ని? మా, యా, బ, జా, ర్ అని మనం 5 చెబుతాం. పైథాన్‌లోని "లెన్" ప్రమేయం 9 అంటుంది. రెండూ సరైనవే, లెక్కించే వస్తువు వేరు. 1991నాటి యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 గళ్ళు కేటాయించారు. అందులో హల్లుకొక గడి, దీర్ఘానికొక గడి, పొల్లుకొక గడి. మ, దీర్ఘం, య, దీర్ఘం, బ, జ, దీర్ఘం, ర, పొల్లు: మొత్తం 9. లెన్ లెక్కించేది వీటినే.

ఇదే పేరులో మొదటి మూడు అక్షరాలు కోసి ఇమ్మంటే పైథాన్ "మాయ" అని ఇస్తుంది. దీర్ఘం తెగిపోయి మాట అర్థమే మారిపోయింది! ఇంగ్లీషు టైటిళ్ళకు రాసిన ప్రోగ్రామును తెలుగుకు అట్లాగే వాడితే ఇటువంటి మాయలు జరుగుతాయి.

జ్ఞాపకశక్తిలో ఈ పేరు ఎంత చోటు తీసుకుంటుంది? 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి ఒక కొత్త ఏర్పాటు వుంది. మాలలోని అతిపెద్ద సంఖ్యను బట్టి ప్రతి గడికీ 1, 2 లేక 4 బైట్లు కేటాయిస్తారు. తెలుగుకు 2 చొప్పున 18 బైట్లు, పైన కొంత తలభాగం. అదే పేరును యుటిఎఫ్-8 పద్ధతిలో ఫైలులో రాస్తే గడికి 3 చొప్పున 27 బైట్లు. అంచేత ఫైలు పొడవు చూసి అక్షరాల లెక్క కట్టరాదు.

వరుస విషయంలోనూ ఒక చిక్కుంది. మన వర్ణమాలలో య, ర, ల, వ, శ, ష, స, హ తర్వాత ళ వస్తుంది. కావున నిఘంటువులో "కవి" ముందు, "కళ" తర్వాత. యూనికోడ్‌లో ళ సంఖ్య 3123, వ సంఖ్య 3125. కావున సార్ట్ "కళ"ను ముందు పెడుతుంది. సార్ట్‌కి తెలుగు రాదు, సంఖ్యలే వచ్చు. మన వర్ణమాల క్రమం కావాలంటే ఆ క్రమాన్ని "కీ"గా మనమే రాసి ఇవ్వాలి. ఈ పని తెలుగు తెలిసిన ప్రోగ్రామరే చేయాలి, పొరుగుదేశంవాడు వచ్చి చేసిపెట్టడు.

లైబ్రరీ రాసినవాళ్ళూ మనుషులే

"పెద్దలు రాసిన లైబ్రరీలో తప్పులుంటాయా?" అని సందేహం రావచ్చు. వుంటాయి. జావా లైబ్రరీలోని ద్వివిభాగ అన్వేషణ ప్రమేయంలో సుమారు తొమ్మిదేళ్ళపాటు ఒక తప్పు వుండిపోయింది. రెండు హద్దులను కూడి సగం చేసేటప్పుడు, ఆ మొత్తం 214 కోట్లు దాటితే పూర్ణాంకం పొర్లి ఋణసంఖ్య అవుతుంది. దాన్ని రాసిన జాషువా బ్లాక్ తానే 2006లో లోకానికి చెప్పాడు. టిమ్‌సార్ట్ కూడా ఇందుకు మినహాయింపు కాదు. 2011లో అది జావాలోకి వెళ్ళింది. మోపులను కలిపే నియమంలో ఒక లోపముందని 2015లో ఐరోపా పరిశోధకులు బయటపెట్టారు. లోపం లేదని గణితపరంగా నిరూపించబోయి, నిరూపణ కుదరక, ఆ తప్పును పట్టుకున్నారు! జావాలో దానివల్ల ప్రోగ్రాము ఆగిపోయే జాబితాను కూడా తయారుచేసి చూపించారు. పైథాన్‌లో ఆ లోపం బయటపడేంత జాబితా నేటి ఏ యంత్రంలోనూ పట్టదు. అయినా సవరించారు. 2022లో వచ్చిన పైథాన్ 3.11లో మోపులు కలిపే నియమాన్నే మార్చి "పవర్‌సార్ట్" అనే మెరుగైన నియమం పెట్టారు. మన చేతిలోని ఆజ్ఞ మారలేదు, హామీ మారలేదు, లోపలి పద్ధతి మాత్రం మారింది.

ఈ తప్పులను పట్టినవారందరూ చేసిన పని ఒకటే. మూత తీసి చదివారు.

మనమేం చేయాలి?

పైథాన్ మూలరచన అంతా ఉచితంగా, బహిరంగంగా దొరుకుతుంది. లైబ్రరీలో కొంత పైథాన్‌లోనే రాసి వుంది. గ్లోబ్ అట్లాంటిదే. "ఇన్‌స్పెక్ట్" అనే విభాగాన్ని అడిగితే దాని మూలపాఠం అక్కడికక్కడే చూపిస్తుంది. వేగం అవసరమైన భాగాలు సి భాషలో వున్నాయి. సార్ట్ అట్లాంటిది. "లిస్ట్ ఆబ్జెక్ట్" అనే సి ఫైలులో అది దొరుకుతుంది. పక్కనే "లిస్ట్‌సార్ట్" అనే పేరుతో టిమ్ పీటర్స్ రాసిన వివరణ వ్యాసం కూడా వుంది. ఎందుకు అట్లా రాశాడో, ఏ ఏ ప్రయత్నాలు ఫలించలేదో మామూలు మాటల్లో చెప్పాడు. డిగ్రీ స్థాయి విద్యార్థికి అంతకన్నా మంచి పాఠం దొరకదు.

ఒక ప్రమేయాన్ని చదివేటప్పుడు ఈ క్రమం పాటిస్తే మేలు. మొదట వివరణ పత్రం చదివి, అది ఏ హామీ ఇస్తున్నదో, ఏది ఇవ్వడం లేదో రెండు వరుసల్లో రాసుకోవాలి. తర్వాత అదే పని మనమే చిన్నగా రాసి చూడాలి. ఆ తర్వాతే మూలపాఠం తెరవాలి. మన రాతకూ వారి రాతకూ తేడా ఎక్కడుందో, ఎందుకుందో ఆలోచించాలి. చివరగా ఖాళీ జాబితా, ఒకే వస్తువున్న జాబితా, తెలుగు పేర్లు ఇచ్చి పరీక్షించాలి.

మన ప్రయోగశాలలో వారానికి ఒక్క గంట ఇట్లా మూలపాఠ పఠనానికి కేటాయించవలసిందిగా అధ్యాపకులకు సవినయంగా విన్నవిస్తున్నాను. ఖర్చు లేదు, కొత్త యంత్రాలక్కరలేదు. మనలో చాలామంది వ్యవసాయ కుటుంబాలనుంచి, అప్పోసప్పో చేసి చదివించే ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళం. ప్రమేయాల పేర్లు వల్లించడమే మన చదువైతే, ఆ పేర్లు ఇప్పుడు ఏ యంత్రమైనా క్షణంలో చెప్పగలదు. వచ్చిన వరుస ఎందుకు తప్పిందో కనుక్కోగలవాడికే ఫిలింనగర్‌లోనైనా, పరిశోధనశాలలోనైనా పని వుంటుంది. సెలవుల్లో ఇంటికి వెళ్ళేముందు ఒక్క ప్రమేయాన్ని ఎంచుకోండి. గ్లోబ్ అయితే చిన్నది, ఒక్క సాయంత్రం చాలు.